కడప జట్టుకు మొదటి హక్కు

"మీ కార్లో మీ టీవీ కూచోనుండాది సారూ. టీవీకి చోటు కావాల గాబట్టి మీ ఇంట్లోవాళ్లు బస్సెక్కుతాండారు. మీ ఇంట్లోవాళ్లు ఎక్కుతాండారు గాబట్టి మేము ఆఖరి బస్సుకంట. ఆ ఆఖరి బస్సు వస్తాదో రాదో ఎవురికీ తెలీదు. ఈ లెక్క వేసింది ఎవురు? ఇరాకోళ్లు కాదు. మీరు! రేపు మాకేమన్నా అయితే ఆ పాపం మీది, మీ కమిటీది!"

వెంకటేశ్వరి నోరు పెద్దది. కువైట్ సాల్మియాలోని ఆ బడి ఆవరణలో చాపలు పరుచుకుని కూర్చున్న జనం తలలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. పాలపొడి కలుపుతున్న తల్లులు చెంచా ఆపేశారు. గేటు దగ్గర బస్సు నిలబడి ఉంది. బస్రా, బాగ్దాద్ మీదుగా అమ్మాన్ దాకా పోయే బస్సు. అమ్మాన్ చేరితే విమానం ఉంది. విమానం ఎక్కితే ఊరు.

సుబ్రహ్మణ్యం రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ఆయన ఇంజనీరు, తెలుగు కమిటీకి సెక్రటరీ. కువైట్ ఇరాక్ చేతిలోకి పోయి నెల కావస్తున్నా ఆయన చొక్కా ఇస్త్రీ నలగలేదు.

"చూడమ్మా, ఎమోషనల్ అవ్వకు. మీకు పాస్‌పోర్టులు లేవు. అవి మిమ్మల్ని పనికి పెట్టుకున్న కఫీల్ బీరువాల్లో ఉండిపోయాయి. పేపర్లన్నీ సరిగ్గా ఉన్న ఫ్యామిలీలు ముందు వెళితే దారిలో ట్రబుల్ ఉండదు. ఆ తరవాత మిమ్మల్ని..."

"పాస్‌పోర్ట్ లేనోళ్లకు ఎంబసీవాళ్లు ఇచ్చిన కాయితం ఉండాది సారూ. ఫోటో అతికించి ముద్ర గుద్ది ఇచ్చినారు. మా తొమ్మిదిమందికీ ఉండాది, ఈడికి రాలేని దానికి జట్టు ఫోటోలోంచి కత్తిరించి తీసుకున్యాం. అది చెల్లదని ఏ సిపాయి చెప్పినాడు మీకు?"

"ఎవరూ చెప్పలేదు. జనరల్‌గా అంటున్నా."

"జనరల్‌గా మేము ఆఖర్న. అంతే గదా?"

అంతే. వంట చేసినప్పుడు ఆఖర్న తిన్నవాళ్లు బస్సు ఎక్కేటప్పుడూ ఆఖర్నే ఎక్కాలి. ఎవరూ పైకి అనలేదు, అందరి లెక్కా అదే. కార్లున్న కుటుంబాలు కార్లలో సామాను సర్దుకున్నాయి, మనుషులు బస్సులో సీట్లు పట్టుకున్నారు. కారు నడపడానికి మగవాడొకడు, వెనకసీటు నిండా టీవీ, వీసీఆర్, మిక్సీ, దుప్పట్ల మూట. ఈ సంగతి కళ్లెదుటే ఉన్నా అడిగినవాళ్లు లేరు. వెంకటేశ్వరి అడిగింది.

ఆమె వెనక కడప జట్టు నిలబడి ఉంది. జట్టంటే నిజంగా జట్టే. వాలీబాల్ జట్టు. మొత్తం తొమ్మిదిమంది, ఆటకు దిగేది ఆరుగురు, ఈ రోజు ఒకరు తక్కువ.

కువైట్‌లో మన ఆడవాళ్లకు ఒక వాలీబాల్ పోటీ ఉందంటే నవ్వేవాళ్లు నవ్వనీ. మూడేళ్లుగా జరుగుతోంది. ఊళ్లో ఏ కాలేజీలో చదివితే ఆ కాలేజీ పేరు మీద ఆడాలి. బెజవాడ కాలేజీ జట్టులో ఇంజనీర్ల భార్యలు, ఇద్దరు డాక్టర్లు. హైదరాబాద్ కాలేజీ జట్టులో టీచర్లు, టైపిస్టులు. కాకినాడ జట్టంతా నర్సులు. నాలుగోది కడప కాలేజీ జట్టు. ఇంటర్ దాకా చదివి కొందరు, ఇంటర్ తప్పి కొందరు, డిగ్రీ మధ్యలో ఆపి ఇద్దరు. అందరూ ఇప్పుడు మిష్రిఫ్, ఎగైలా విల్లాల్లో ఇంటి పనికి ఉన్నవాళ్లే. కాలేజీ గడప తొక్కినవాళ్లు ఎవరైనా ఆడొచ్చని నిబంధన. పనిమనుషులు కాలేజీ గడప తొక్కి ఉంటారని, ఆ నిబంధన రాసిన కమిటీకి తోచలేదు. తోచాక మార్చడానికి సిగ్గుపడ్డారు.

వాళ్లు ఎక్కడ సాధన చేసేవాళ్లు? మిద్దె మీద. మామా అని పిలిచే ఇంటి యజమానురాలు నిద్రపోయే మధ్యాహ్నం, కాళ్లు కాలే ఎండలో, బట్టలారేసే తీగనే నెట్‌గా పెట్టుకుని. పక్కపక్క విల్లాల మిద్దెల మీద నుంచి ఒకరు కొడితే ఒకరు తీసేవాళ్లు. బంతి సందులో పడితే దిగి తెచ్చుకోవడానికి చెత్తడబ్బా ఒక నెపం. ఆ మిద్దెల మీద తయారైన జట్టు అది. బంతి కింద పడితే మామాకు చప్పుడు వినబడుతుంది కాబట్టి బంతిని కింద పడనివ్వని జట్టు!

వాళ్ల లిఫ్టర్ అంకాలమ్మ. పొట్టి మనిషి, వేళ్లు మాత్రం పొడుగు. ఆమె లేపిన బంతి గాల్లో ఒక్క క్షణం ఆగినట్టు ఉంటుంది, కొట్టేవాళ్లు అంత తేలిగ్గా కొట్టేస్తారు. ఇప్పుడు అంకాలమ్మ ఇక్కడ లేదు. ఎగైలాలో ఉంది. సైన్యం వచ్చిన మర్నాడే ఆమె కఫీల్ కుటుంబం సౌదీ వైపు వెళ్లిపోయింది. వెళుతూ ఇల్లు చూసుకొమ్మని చెప్పి బయట గేటుకు గొలుసేసి తాళం పెట్టింది, లోపల మనిషి ఉండగానే. గోడ ఎత్తు. ఫోను మాత్రం ఇంకా పనిచేస్తోంది. పొద్దున కూడా మాట్లాడింది.

"అక్కా, బియ్యం ఉండాయి. నీళ్లు వస్తాండాయి. ఎదురింట్లో సిపాయిలు దిగినారు. నన్ను యిడిసిపెట్టి పోరు గదా?"

"జట్టంటే ఆరుమంది మే. నువ్వు ల్యాకుండా అయిదుమందిమి పోతామా?" అని వెంకటేశ్వరి ఇటునుంచి గట్టిగా అరిచింది. అది ఊరడింపు మాట కాదు. ఆమె అలాంటివి అనదు. జట్టు మొత్తం, అంకాలమ్మతో సహా, ఈ బస్సులోనే పోవాలని అప్పుడే నిశ్చయించుకుంది.

సుబ్రహ్మణ్యం గడియారం చూసుకున్నాడు. "బస్సు మధ్యాహ్నం దాటాక కదులుతుంది. సీట్లు నిండిపోయాయి. ఖలాస్. ఇంక డిస్కషన్ వద్దు."

"ఈ పొద్దు ఏం వారం సారూ?"

"శుక్రవారం. అయితే?"

"ఆగస్టులో కడాపటి శుక్రవారం. ఈ పొద్దు జోస్యం రోజు."

ఆవరణలో అక్కడక్కడ నవ్వులు పుట్టాయి. చాలా రోజుల తరవాత విన్న నవ్వులు. వెంకటేశ్వరి గుడ్డసంచిలో చెయ్యి పెట్టి బంతి తీసింది. మిష్రిఫ్ నుంచి బయటపడ్డ రోజు ఆమె తెచ్చుకున్నవి రెండు జతల బట్టలు, ఆ బంతి. "ఫ్రీజర్లో కోళ్లు వదిలేసి బంతి తెచ్చుకున్యావా?" అని జట్టువాళ్లే తిట్టారు.

జోస్యం రోజంటే ఏమిటో కమిటీకి తెలుసు, తెలియనివాళ్లకు చెప్పాలి. ఎండలు తగ్గాక అక్టోబరులో పోటీలు మొదలవుతాయి. ఆగస్టు చివర్లో నలుగురు కెప్టెన్లూ నాలుగు మూలలా నిలబడతారు. ఒక్కొక్కరూ బంతి తీసుకుని, ఈ ఏడు కప్పు ఎవరిదో, ఎందుకో అందరికీ వినబడేలా చెప్పి, ఆ జట్టు వైపు సర్వీసు కొట్టాలి. సొంత జట్టు పేరు చెప్పకూడదు. ఎక్కువ బంతులు ఎవరికి పడితే వాళ్లకు మొదటి హక్కు. అంటే తమ ఆటలు ఏ రోజు పెట్టుకోవాలో ముందు వాళ్లే ఎంచుకుంటారు. ఇద్దరికీ సమానంగా పడితే, అంతకుముందు ఎన్నడూ ఆ హక్కు దక్కని జట్టుకు ఇవ్వాలి.

ఇంటి పని చేసేవాళ్లకు ఆ హక్కు ప్రాణం. వాళ్లకు సెలవే దొరకదు. దొరికితే ఒక శుక్రవారం ఒకరికి, ఇంకో శుక్రవారం ఇంకొకరికి. ఒక్క తేదీ తామే ఎంచుకుంటే మామాలను ముందునుంచీ బతిమాలుకుని అందరూ ఒకేసారి రావచ్చు. మూడేళ్లలో కడప వైపు ఒక్క బంతీ పడలేదు. ఒక్కటీ! అయిదుగురితో ఆడారు, నలుగురితో ఆడారు, రెండుసార్లు ఆడకుండానే ఓడారు. పనోళ్లని చిన్నచూపు అని వెంకటేశ్వరి ఆ మూడేళ్లూ లోలోపల రగిలింది.

"జోస్యమా!" అన్నాడు సుబ్రహ్మణ్యం. "ఊరంతా సిపాయిలు తిరుగుతుంటే మీకు ఆట గుర్తొచ్చిందా?"

"ఆట కాదు సారూ, హక్కు. ప్రతి ఏడూ మైకు పట్టుకుని మీరే కదా చెప్పేది? 'జోస్యంలో నెగ్గిన జట్టుకు మన తెలుగువాళ్లలో ఏ విషయంలోనైనా మొదటి హక్కు.' ఏ విషయంలోనైనా! చప్పట్లు కొట్టించుకుంటిరి గదా? ఈ ఏడు ఆ విషయం బస్సు."

"అది... అది స్పీచ్ అమ్మా."

"నిజమే కదండీ, అలాగే అన్నారు మీరు," అని ఎవరో అన్నారు. మాటన్నది కాకినాడ జట్టు కెప్టెన్ నాగేశ్వరి. నర్సు. డ్యూటీ దిగి నేరుగా వచ్చింది, తెల్లబట్టలు మార్చుకోలేదు. "నాకూ బాగా గుర్తండీ. మా జట్టు కుర్రది దానికే ఈల కూడా వేసింది."

వెంకటేశ్వరి ఇంకో అడుగు ముందుకేసింది. "ఇంకో మాట కూడా సెప్తాండా, అందురూ ఇనండి. మా మీద జాలిపడి ఎవురూ బంతి కొట్టొద్దు. జాలి మాకు అక్కరలేదు. కప్పు ఎవురు కొడతారో నిజం చెప్పండి, అంతే. నిజం కడప కాదంటే మేము నోరు మూసుకోని ఆఖరి బస్సుకు కూచుంటాం. కడపే అయితే మా తొమ్మిది సీట్లు మాకు ఇయ్యాల."

తొమ్మిది సీట్లంటే తొమ్మిదిమంది దిగాలి. అవి ఎవరివో కూడా అందరికీ తెలుసు. కార్లున్న బెజవాడ జట్టు కుటుంబాలవి. బెజవాడ కెప్టెన్ సీతాలక్ష్మి, సుబ్రహ్మణ్యం భార్య. అప్పటికే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఇదంతా వింటోంది. లేచి దిగింది. చీర కొంగు నడుముకు దోపుకుంటూ వచ్చి తన మూలలో నిలబడింది. ఆమె అలా కొంగు దోపుకుందంటే ఆటకు దిగినట్టే.

"సీతా, నువ్వు ఎక్కు," అన్నాడు మొగుడు.

"ఉండండి. కెప్టెన్ లేకుండా జోస్యం ఎట్లా జరుగుతుంది?"

హైదరాబాద్ కెప్టెన్ దిల్షాద్ బీ అప్పటికే చెప్పులు విప్పేసింది. చిన్నపిల్లల బళ్లో టీచరు. లావుగా, ఎప్పుడూ నవ్వుతూ ఉంటుంది. వాళ్ల జట్టు ప్రతి ఏడూ ఆఖరు. "పదుండ్రి యల్లా, జెల్దీ. కాళ్లు కాల్తున్నయి."

అడగనక్కరలేకుండానే జనం చాపలు లాగేసుకుని మధ్యలో చోటు చేశారు. గోడ అవతల జీపు చప్పుడైంది. అందరూ నోళ్లు మూసుకున్నారు. వెంకటేశ్వరి బంతిని కడుపుకు అదుముకుంది. జీపు ఆగలేదు. పోయింది.

"బంతి నా చేతిలో ఉండాది గాబట్టి మొదట నేను," అంది వెంకటేశ్వరి.

ఆమె జట్టులో చిన్నది పుష్పలత ఆమె చెవిలో చెప్పింది. "అక్కా, హైదరాబాదుకు కొట్టు. ఈ తూరి నిజం చెప్పాల గాబట్టి ఆ ఆఖరోళ్లకు ఇంకెవురూ కొట్టరు. మనకు అడ్డం రారు."

తెలివైన మాట. ఒక్క క్షణం ఆశపడింది కూడా. కానీ నిజం చెప్పమని ఊరందరినీ నిలదీసి తాను దొంగాట ఆడితే ఆ నోటికి ఇంక విలువేముంది?

"మేము కాకుంటే ఈ ఏడు కప్పు బెజవాడది," అంది గట్టిగా. "పొడుగు మనుషులు ముగ్గురు ఉండారు. కాంపౌండులోనే కోర్టు ఉండాది, ఎండాకాలమంతా ఆడినారు. సీతాలక్ష్మక్క స్మాష్ కొడితే తీసేదానికి మాకే కష్టం." బంతి ఎగరేసి కొట్టింది. అది వెళ్లి సీతాలక్ష్మి చేతుల్లో పడింది.

పుష్పలత నెత్తి కొట్టుకుంది. "అయిపాయ! మన సీటు మనమే ఇచ్చేసినాం."

"నోరు మూయ్ మే."

దిల్షాద్ బీ బంతి అందుకుంది. అందుకుని నవ్వడం మొదలుపెట్టింది, ఎంతకీ ఆపదు.

"ఏంది నవ్వు?" అంది వెంకటేశ్వరి.

"నీకు నిజంగ తెల్వదా? మూడేండ్ల సంది నీకు బంతి ఎందుకు పడుతలేదో?"

"పనోళ్లమని."

"అరె పాగల్! గెలుస్తరని! మొదటేడు అందరం నిజం జెప్పినం, బెజవాడోల్లకు కొట్టినం. మంచి మంచి తారీఖులు పట్టుకుని కప్పు ఎత్కపోయిన్రు. గప్పట్నుంచి అందరం హుషారైనం. గెలిచేటోల్లకు హక్కెందుకు ఇస్తం? ఓడేటోల్లకు ఇస్తం. రెండేండ్లు వరసబెట్టి నాకే ఇచ్చిన్రు, గందుకే! నా జట్టు కప్పు గెలుస్తదని వీళ్లు జోస్యం జెప్తుంటే నాకే నవ్వాగలే. నీకు తేదీలు దొరికి ఆర్గురూ ఒక్కతాన నిలవడితే మేమందరం ఇంటికి పోవుడే. అందరికీ ఎర్కే. నీకొక్కదానికే తెల్వదు."

ఆవరణంతా గొల్లుమంది. వెంకటేశ్వరికి మూడేళ్లు మోసిన కోపం ఇప్పుడు ఎవరి మీద పడెయ్యాలో తోచలేదు. సీతాలక్ష్మి వైపు చూసింది. సీతాలక్ష్మి నవ్వడం లేదు, నేల చూస్తోంది. నాగేశ్వరి ఆకాశం చూస్తోంది. అంటే నిజమే!

"ఓరి మీ కడుపులు కాల! చిన్నచూపని ఏడ్చింటినే! భయపడి చేసినారా మీరు? ఇది ముందే చెప్పింటే ఇంకొంచెం భయపెట్టిందును గదమ్మా!"

"ఈ ఏడు కప్పు కడపది," అని దిల్షాద్ బీ బంతి కొట్టింది. అది వంకర పోయి పుష్పలత భుజానికి తగిలింది. ఆమె సర్వీసు ఎప్పుడూ అంతే. కానీ మూడేళ్లలో కడపకు పడ్డ మొదటి బంతి అది. జట్టంతా కేక పెట్టింది.

బెజవాడకు ఒకటి, కడపకు ఒకటి.

నాగేశ్వరి బంతి పట్టుకుని చాలాసేపు తిప్పింది. "నిజం చెప్పమన్నావు కదా వెంకటేశ్వరీ. చెప్తాను, ఏమీ అనుకోకమ్మా. మా జట్టుకు బస్సు గొడవ లేదు. ఆసుపత్రిలో జనం ఉన్నారు, మేం ఇప్పట్లో కదలం. అందుకని నాకు ఎవరి మీదా మొహమాటం లేదు. ఆరుగురూ ఉంటే కడపదే కప్పు, అందులో తిరుగులేదు. కానీ మీ అంకాలమ్మ ఏదమ్మా? లిఫ్టర్ లేకపోతే నువ్వెంత ఎగిరినా ఏం కొడతావు? చేతిలో ఉన్న జట్టును బట్టి చెప్పాలి కదా. ఈవేళ నా కళ్లముందున్న కడప కప్పు కొట్టదు. బెజవాడ కొడుతుంది."

బంతి సీతాలక్ష్మి వైపు పోయింది. మంచి సర్వీసు.

బెజవాడకు రెండు. కడపకు ఒకటి.

వెంకటేశ్వరికి కోపం రాలేదు. రావడానికి అందులో తప్పు ఒక్క మాట లేదు. ఇంక మిగిలింది సీతాలక్ష్మి ఒక్కతే. ఆమె తన జట్టు పేరు చెప్పకూడదు. హైదరాబాదుకో కాకినాడకో కొడితే చాలు. బెజవాడ రెండు బంతులతో నెగ్గుతుంది, హక్కు వాళ్లదే, సీట్లు వాళ్లవే. ఎవరూ వేలెత్తి చూపడానికి ఉండదు. న్యాయంగానే నెగ్గినట్టు. కడపకు కొడితే రెండూ రెండూ సమానం. సమానమైతే హక్కు దక్కనివాళ్లకు. బెజవాడకు మొదటేడే దక్కింది.

సుబ్రహ్మణ్యం ఆ లెక్క ఎంత వేగంగా వేసుకున్నాడో ఆయన మొహంలో వెలుగే చెప్పింది. రెండడుగులు వేసి భార్య పక్కకు వచ్చాడు. "సీతా, హైదరాబాదుకు కొట్టేయి. మన బిల్డింగ్‌వాళ్లే కదా. గొడవ ఉండదు."

సీతాలక్ష్మి ఆయన వైపు చూడలేదు. "ఏవండీ, మీరు గీత లోపలికి వచ్చారు. ఇది కోర్టు. బయట నిలబడండి."

జనంలో ఒక ముసలావిడ కిసుక్కున నవ్వింది. సుబ్రహ్మణ్యం చూసుకున్నాడు. గీత ఎక్కడా లేదు. అయినా బయటికి జరిగాడు.

"నిరుడు వీళ్లతో ఆఖరాట ఆడాం," అంది సీతాలక్ష్మి, బంతిని నేలకేసి కొడుతూ. "వీళ్లు అయిదుగురే వచ్చారు. మిగతావాళ్లకి వాళ్ల మామాలు సెలవివ్వలేదు. మేం ఆరుగురం, బయట ఇంకో నలుగురు. అయినా మూడో గేమ్ దాకా లాగారు. అంకాలమ్మ ఎటు లేపుతుందో నాకు ఒక్కసారి కూడా అంతుపట్టలేదు. ఇంటికెళ్లి కప్పు బీరువా మీద పెట్టుకుని నేను గెలిచానని చెప్పుకున్నా. గెలిచామా? వాళ్ల మామాలు గెలిపించారు. అంతే."

"సీతా, పిల్లాడు బస్సులో ఉన్నాడు," అన్నాడు సుబ్రహ్మణ్యం, ఈసారి బయటి నుంచే.

"బస్సులో ఉన్నాడు, దించి కార్లో ఎక్కించుకుందాం. మనకి కారుంది. కారు నిండా పెట్రోలుంది, నడపడానికి మీరున్నారు. బస్సు వెనకే పోదాం. టీవీ ఇక్కడే ఉంటుంది. ఆ టీవీలో ఇప్పుడేం వస్తోందని? వీళ్లకి కారు లేదు, మొగుళ్లు ఇక్కడ లేరు, వెనక్కి పోవడానికి ఇల్లు లేదు. అయినా వెంకటేశ్వరి జాలిపడొద్దంది, జాలిపడను. నిజమే చెప్తా. ఈ ఏడు కప్పు కడపది." బంతి పైకెత్తి పట్టుకుంది. "నాగేశ్వరి అన్నది కూడా నిజమే. అంకాలమ్మ ఉన్న కడపది. ఆవిడ లేకపోతే నేను చెప్పిన జోస్యం చెల్లదు. ఆవిడతో కలిపి చెప్తున్నా. అందరూ విన్నారుగా?"

ఎగిరి కొట్టింది. బెజవాడ కెప్టెన్ సర్వీసంటే మాటలా! వెంకటేశ్వరి రెండు చేతులూ చాచి మోకాళ్ల మీద పడి తీసింది. చేతులు మండాయి. బంతి కింద పడలేదు.

రెండూ రెండు.

కడప జట్టు ఒకళ్ల మీద ఒకళ్లు పడి అరుస్తున్నారు. దిల్షాద్ బీ ఎవరినో పట్టుకుని గుండ్రంగా తిప్పుతోంది. బస్సులోంచి ఇద్దరు ఆడవాళ్లు ఎవరూ చెప్పకుండానే మూటలు దించుకున్నారు. మూడో ఆవిడ గొణుక్కుంటూ దించుకుంది, నాలుగో ఆవిడ తిడుతూ దించుకుంది. ఏదైతేనేం, తొమ్మిది సీట్లూ ఖాళీ అయ్యాయి. పుష్పలత వెళ్లి కిటికీ పక్క సీటు పట్టుకుని తుండుగుడ్డ వేసింది.

సుబ్రహ్మణ్యం ఓడిపోయినవాడిలా లేడు, ఓ పని వదిలిపోయినవాడిలా ఉన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "సరేనమ్మా. కమిటీ తరఫున అభినందనలు. ఎనిమిదిమంది ఎక్కండి. ఆ తొమ్మిదో సీటు ఎవరికైనా..."

"ఎవురికీ లేదు," అంది వెంకటేశ్వరి.

"ఆ అమ్మాయి ఎగైలాలో ఉందిగా. తాళంలో ఉంది. దారిలో చెక్‌పోస్టులు. ఎట్లా తెస్తాం? నెక్స్ట్ బస్సుకి ట్రై చేద్దాం. కమిటీ మీటింగులో పెట్టి..."

వెంకటేశ్వరి మోకాలికి అంటిన మట్టి దులుపుకుంది. బంతిని పుష్పలత మీదకు విసిరేసింది. గేటు అవతల అమ్ఘరా తుక్కుయార్డులో పనిచేసే పెంచల్ హాఫ్‌లారీ నిలబడి ఉంది. రాజంపేట పిల్లోడు, పొద్దున నీళ్ల డబ్బాలు దించడానికి వచ్చి ఈ గోలంతా చూస్తూ తలుపుకు ఆనుకుని ఉన్నాడు. ఆమె మొదట అతన్ని కేకేసింది.

"పెంచలూ! బండిలో ఇనుము కోసే కత్తెర ఉండాదా?"

"ఉండాది అక్కా. రైలు పట్టానైనా కోస్తాది."

"బండి తిప్పు." తరవాత సెక్రటరీ వైపు తిరిగింది. ఈసారి అరవలేదు. అరవాల్సిన అవసరం లేదు, జనమంతా ఆమె వెనకే నిలబడి ఉన్నారు.

"సారూ, మీకు అరబ్బీ వచ్చు, కంపెనీ కార్డు ఉండాది. పెంచల్ పక్కన మీరు కూచోవాల, సిపాయి ఆపితే మీరు మాట్లాడాల. నాగేశ్వరక్కా, ఆసుపత్రి బట్టల్లో ఉండావు, నిన్ను ఎవురూ ఆపరు. నువ్వు కూడా రావాల. నేను వస్తాండా. గొలుసు కోస్తాం, మనిషిని తెస్తాం. మేము వచ్చేదాకా ఈ బస్సు చక్రం కదలగూడదు. డ్రైవర్ కాడ సీతాలక్ష్మక్క నిలబడాల, తాళంచెవి ఆమె చేతిలో ఉండాల. మీటింగుల్లేవు, తీర్మానాల్లేవు. అంకాలమ్మ వచ్చి ఆ సీట్లో కూచున్నాక కూడా మీ పని అయిపోలేదు. కమిటీలో కారున్న ప్రతి ఒక్కరూ సామాను దించేసి, ఇద్దరిద్దరు మిష్రిఫ్‌కు ఇద్దరిద్దరు ఎగైలాకు పోవాల. ప్రతి గేటూ తట్టాల. లోపల మన ఆడమనిషి ఉంటే తాళం కోసి తేవాల. ఆమె ఏ జిల్లాదో, ఏ కాలేజీదో అడగబాకండి. రేపు కాదు, ఎల్లుండి కాదు. ఇప్పుడు! లెయ్యండి సారూ, బండెక్కండి!"